ఎండలేని దేశమున మన భోజనము

పాలకొల్లు పేరులోనే పాలున్నవి. ఉపమన్యుడను బాలుడు పాలకై యేడ్వగా పరమేశ్వరుడు కరుణించి క్షీరసముద్రమునుండి ఇచ్చటి కొలనునకు పాలు రప్పించెననియు, అందువలన ఈ యూరికి పాలకొలనను పేరు కలిగెననియు స్థలపురాణము చెప్పుచున్నది. పంచారామములలో నొకటియగు క్షీరారామమును దర్శించినవారెల్లరు ఈ కథ వినియే యుందురు. బిడ్డకు పాలు దొరకినచో సర్వమును దొరకినట్లే యను విశ్వాసము ఆ కథకు ప్రాణము. మన గోదావరీ మండలమునందలి యిల్లాండ్రకు ఆ విశ్వాసము నేటికిని చెక్కు చెదరలేదు. పాలు, పెరుగు, మజ్జిగ, నేయి సమృద్ధిగా నున్న యింట పిల్లల యెముకలు బలహీనమగుటకు హేతువేమున్నదని మనము తలంతుము.

ఆ విశ్వాసమున సత్యము గలదు. కాని సగము సత్యము మాత్రమే కలదు. ఎముకలకు వలసిన కాల్షియము పాలలో పుష్కలముగా నున్నది. అయితే ఆ కాల్షియమును ప్రేగులనుండి రక్తములోనికి జేర్చుటకు డి విటమిను కావలెను. ఆవు పాలలోగాని గేదె పాలలోగాని ఆ విటమిను స్వభావముచేత నుండునది మిక్కిలి స్వల్పము. బియ్యము, పప్పులు, కూరలు, పండ్లు, వీనిలో అసలే లేదనవచ్చును. అట్లయినచో తరతరములుగా మనవారికి అది యెచ్చటనుండి లభించినది? వంటయింటినుండి కాదు. పొలము గట్టునుండి, నూతిగట్టునుండి, కొబ్బరితోటల నడుమ బడు నెండనుండి లభించినది. మన భోజనము ఒంటరిగా మనల నెన్నడును పోషింపలేదు. సూర్యుడు దాని వెంట నుండెను.

ఇప్పుడు మన బిడ్డలు అమెరికాకును, కెనడాకును, ఇంగ్లండునకును కాపురములు పోవుచున్నారు. వారి పెట్టెలలో తల్లులు ఆవకాయయు, కందిపొడియు, మిద్దెమీద ఎండబెట్టిన వడియములును సర్ది పంపుచున్నారు. భోజనము పోయినది, సూర్యుడు మాత్రము వెంట పోలేదు. వడియములలోని యెండ వానిని కరకరలాడించునే గాని తినువాని యెముకలకు ఉపకరింపదు. ఎండ లేనిచోట అన్నము ఆ లోటును తీర్పవలసివచ్చును. అట్టి దేశములలో మనుష్యులు దీని నెట్లు తెలిసికొనిరో, తెలియకముందు ఎంత దుఃఖమనుభవించిరో చెప్పుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

ఎండ చేయు పని

మన చర్మమున కొలెస్టిరాలునకు దగ్గర చుట్టమగు నొక పదార్థము గలదు. సూర్యకాంతియందలి అతినీలలోహిత కిరణములలో ఒక తెగ దానిపై బడినంతనే అది మార్పుజెంది డి విటమిను అగును. కాలేయమును, మూత్రపిండములును దానికి వరుసగా రెండు సంస్కారములు చేసిన పిమ్మట అది పనికివచ్చును. కాని ఆ కిరణములు సుకుమారములు. సూర్యుడు ఆకాశమున పల్లముగా నున్నప్పుడు కిరణములు వాయుమండలమును ఏటవాలుగా దాటవలసివచ్చును, దారి పొడవగును, ఓజోను పొర వానిని మ్రింగివేయును. వెలుతురు వచ్చును, కొంత వెచ్చదనమును వచ్చును, ఆ కిరణములు మాత్రము రావు. కిటికీ యద్దము సైతము వానిని లోనికి రానీయదు. పసిబిడ్డను తెల్లవారుజామున లేతయెండలో పండుకొనబెట్టు మన యాచారమువలన బిడ్డకు హాయి కలుగునేగాని ఈ విటమిను లభించుట బహుస్వల్పము.

పాలకొల్లు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16½ డిగ్రీల దూరమున నున్నది. ఇచ్చట మాఘమాసమునందును మిట్టమధ్యాహ్నపు టెండలో ఈ కిరణములుండును. బోస్టను నగరము 42 డిగ్రీల మీద నున్నది. 1988లో వెబ్, క్లైన్, హాలిక్ అను శాస్త్రజ్ఞులు మబ్బులేని దినములలోనే పరీక్షచేసి, బోస్టనునందు నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు సూర్యకాంతి చర్మమున ఈ విటమినును పుట్టింపజాలదని నిరూపించిరి. కెనడాలోని ఎడ్మంటనునందు, అనగా సుమారు 53½ డిగ్రీల మీద, ఈ శూన్యకాలము అక్టోబరు మొదలు మార్చి వరకు సాగును. 34 డిగ్రీలకును 18 డిగ్రీలకును దిగివచ్చినచో నడి శీతకాలమునందును కిరణములు పనిచేయును. కాబట్టి ఉత్తరదేశవాసికి వేసవి కోతకాలమువంటిది. గాదె నిండినంత నిండును. శీతకాలమంతయు అందుండి తీసి వాడుకొనుటయే. ఆ నిలువ రక్తమున రెండు మూడు వారములలో సగమగును. దానికి తోడు నల్లని చర్మము కిరణములకు గొడుగువంటిది. మన దేశపు మండుటెండలో ఆ గొడుగు ప్రకృతి యిచ్చిన వరము. బోస్టనులో మాత్రము తెల్లనివాడు కొలది నిమిషములలో సంపాదించు దానిని మనవాడు సంపాదించుటకు అంతకు అనేక రెట్లు కాలము పట్టును.

ఈ బోస్టను నగరమునకే మన మండలమువాడొకడు చేరెను. ఆయన పాలకొల్లునకు పొరుగున నున్న భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధిచే మరణింపగా, ఆ దుఃఖమే ఆయనను వైద్యశాస్త్రమునకు అంకితము చేసినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో గూడి ఆయన 1925లో ప్రకటించినది రక్తమున ఫాస్ఫరసును రంగుచేత కొలుచు పద్ధతి. ఎముకలు మెత్తబడు రికెట్సు వ్యాధియందు రక్తములోని ఫాస్ఫరసు తగ్గునని హౌలాండు, క్రామరు అను వారు 1921లోనే చూపియుండిరి. దానిని సులభముగా కొలుచు సాధనమును ప్రపంచపు ప్రయోగశాలలకు అందించినవాడు భీమవరపు తెలుగువాడు. ఆహారలోపమువలని రోగముల గుట్టు విప్పుటలో తన జీవితమును ధారపోసి ఆయన 1948లో అమెరికాలోనే గతించెను. ఎండలేని దేశమున మనవారు నేర్చుకొనవలసిన పాఠమునకు ఆ పేరు తొలి పుటలో నుండదగినది.

ఉత్తరదేశములు నేర్చిన పాఠము

రికెట్సు వ్యాధి నెరుగని వారికి దాని స్వరూపము చెప్పవలెను. నడక నేర్చు ప్రాయమున బిడ్డ యెముకలు శరీరభారమును మోయలేక వంగును. దొడ్డికాళ్లు వచ్చును, మణికట్టులు ఉబ్బును, రొమ్ము ముందునకు పొడుచుకొని వచ్చును, మాడు సకాలమున పూడదు. ఆడుబిడ్డకు కటి యెముక వంకరపోవును. ఆమె పెరిగి గర్భవతియైన దినమున ఆ వంకర ఆమె ప్రాణములమీదికి వచ్చును. శస్త్రచికిత్స నిరపాయముగా చేయుట తెలియని కాలమున ఇట్లు ప్రసవవేదనలోనే ప్రాణములు విడిచిన తల్లులెందరో లెక్కలేదు.

ఇంగ్లండునందు 1645లో డానియెల్ విస్లరును, 1650లో ఫ్రాన్సిస్ గ్లిసనును ఈ వ్యాధిని గూర్చి గ్రంథములు వ్రాసిరి. ఐరోపాలో దీనికి ఇంగ్లీషు వ్యాధి యనియే పేరు వచ్చినది. తరువాత యంత్రశాలలు వెలసి, బొగ్గుపొగ ఆకాశమును కప్పివేయగా, ఇరుకు సందులలో పెరిగిన కూలివారి పిల్లలలో ఇది విపరీతముగా వ్యాపించెను. పేదల ఆహారము చెడ్డదగుటయే కారణమని కొందరనిరి, గాలి చెడ్డదగుటయనిరి కొందరు, వంశదోషమనిరి మరికొందరు. 1890లో థియొబాల్డ్ పామ్ అను వైద్యుడొక క్రొత్తమాట చెప్పెను. ఆయన జపానునందు మిషనరీ వైద్యుడుగా నుండి, అచ్చట రికెట్సు లేకుండుట చూచి యాశ్చర్యపడి, చైనా, సింహళము, ఇండియా మొదలగు దేశములలోని వైద్యులకు ఉత్తరములు వ్రాసి సమాచారము సేకరించెను. ఆ దేశములలో పేదరికము ఇంగ్లండుకంటె ఎక్కువ, తిండి తక్కువ, మురికియు తక్కువ కాదు. కాని రోగము లేదు. ఉన్నది సూర్యుడే. సూర్యస్నానమే చికిత్సయని ఆయన వ్రాసిన దానిని చాలకాలము ఎవరును లక్ష్యపెట్టలేదు.

మరియొక ప్రక్క సముద్రతీరపు పల్లెవాండ్రు శాస్త్రమక్కరలేకయే వేరొక యుపాయమెరిగియుండిరి. నార్వే మొదలగు దేశములలో శీతకాలము చీకటికాలమే. అయినను వారు కాడ్ అను చేప కాలేయమును, దాని నూనెను, హెర్రింగు మొదలగు కొవ్వుచేపలను తిని బ్రతికిరి. కాడ్‌లివరు నూనె రికెట్సును మాన్పునని పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ, ఫ్రాన్సు వైద్యులు వ్రాసిరి. ఎండచే మానునది నూనెచేతను మానుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు మొదటి ప్రపంచయుద్ధము ముగియవలసివచ్చెను.

1919లో లండనునందు ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లలను ఎండ తగులకుండ లోపల నుంచి ఓట్సు గంజితో పెంచెను. వానికి రికెట్సు వచ్చెను. కాడ్‌లివరు నూనె యిచ్చినవానికి రాలేదు. అదే సంవత్సరమున బెర్లినునందు హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రోగులైన పిల్లలపై పాదరసదీపపు కాంతిని ప్రసరింపజేసి ఎముకలు గట్టిపడుట చూపెను. ఒక చేతిపై మాత్రమే కాంతి బడినను రెండవచేతి యెముకలుకూడ బాగుపడుటచే, చర్మమున బుట్టినదేదో రక్తముద్వారా దేహమంతయు వ్యాపించుచున్నదని తేలెను. ఇక వియన్నా నగరమున, యుద్ధానంతరపు క్షామములో, హారియెట్ చిక్ అను విదుషి తన సహచరులతో 1919 మొదలు 1922 వరకు చేసిన పరిశోధన ఈ చరిత్రలో మకుటము. ఒకే యాసుపత్రిలో కొందరు శిశువులకు కాడ్‌లివరు నూనెతో గూడిన యాహారము, కొందరికి అది లేని యాహారము నిచ్చిరి. శీతకాలమున నూనె లేనివారికి రోగము వచ్చెను, నూనె త్రాగినవారికి రాలేదు. వేసవిలో ఇరువురకును రాలేదు.

చదువరులు ఈ తుదిమాటను గుర్తుంచుకొనవలెను. వేసవిలో ఆహారభేదము భేదమే కాలేదు. శీతకాలమున ఆహారభేదమే సర్వమును నిర్ణయించెను. ఎండ యున్నంతకాలము భోజనములోని లోపము కనబడదు. ఎండ తొలగినదినమున అది బయటపడును.

1922లో మెకాలమ్ ఈ పదార్థము ఎ విటమిను కాదని వేరుపరచి దానికి డి అను పేరు పెట్టెను. 1924లో స్టీన్‌బాకును, హెస్సును వేరువేరుగా ఆహారపదార్థములపైననే అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి వానిలో ఈ విటమినును పుట్టించిరి. స్టీన్‌బాకు తన పేటెంటును సొంత లాభమునకు వాడుకొనక విస్కాన్సిను విశ్వవిద్యాలయపు పరిశోధనలకు అప్పగించెను. క్రమముగా అమెరికాలో పాలయందు డి విటమినును కలుపుట సామాన్యమయ్యెను. ఒక గ్లాసెడు పాలలో సుమారు 100 యూనిట్లుండునట్లు కలుపుదురు. ఇది వ్యాపించిన కొలదికాలమునకే రికెట్సు అచ్చటి నగరములలో అపురూపమైన వ్యాధి యయ్యెను.

మరీ సమీపకాలపు దృష్టాంతమొకటి గలదు. ఫిన్లండు దేశము 2003 నుండి పాలయందు ఈ విటమినును కలిపించి, 2010లో దాని మోతాదును ఇబ్బడి చేసెను. ఆ దేశపు పెద్దలలో రక్తమునందలి సగటు పరిమాణము 2000లో లీటరునకు 48 నానోమోలులుండగా 2011 నాటికి 65 అయ్యెను. సూర్యుడు మారలేదు. పాలపాత్రయే మారినది.

గోడలు కట్టుకొన్న ఉత్తరదేశము

పామ్ చెప్పినట్లు మనదేశమున ఈ వ్యాధి లేకుండవలసినది. పేదలలో లేకుండెను కూడ. కాని 1922లో హచిసన్, షా అను వైద్యులు నాసికు ప్రాంతమున పరిశోధించి విచిత్రమైన విషయమొకటి కనుగొనిరి. మంచి తిండి తినుచు ఘోషా పాటించు సంపన్నుల యిండ్లలోని తల్లులకును బిడ్డలకును ఎముకల వ్యాధి యున్నది. చాలీచాలని తిండితో ఎండలో కూలిచేయు పేదలలో లేదు. కాశ్మీరమున పనిచేసిన కాథ్లీన్ వాన్ అను వైద్యురాలు 1928లో ఘోషా పద్ధతికిని మాతృత్వమునకును గల సంబంధమును గూర్చి గ్రంథమే ప్రకటించి, వెలుతురు లేమిచే మెత్తబడిన యెముకలతో ప్రసవమున నశించు స్త్రీల దుర్దశను లోకమునకు తెలిపెను. శ్రీనగరము 34 డిగ్రీల మీద నున్నది. అచ్చటి సూర్యుడు శీతకాలమునందును చాలును. ఆ స్త్రీలకు కరవైనది సూర్యుడు కాదు, వాకిలి.

ఘోషా స్త్రీల విద్యకు విఘాతమని మన సంస్కర్తలు వాదించిరి. అది వారి యెముకలకును విఘాతమని ఈ పరిశోధనలు చెప్పుచున్నవి. ఉత్తరధ్రువమునకు పోనక్కరలేకయే ఇంటిచుట్టు గోడ కట్టి ఉత్తరదేశమును సృష్టించుకొనవచ్చునని అవి మనకు నేర్పినవి.

మనవారు ఉత్తరమునకు పోయినప్పుడు

రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఇండియా, పాకిస్తానులనుండి వేలకొలది కుటుంబములు బ్రిటనునకు వలసపోయినవి. ఆ దేశమున తమ పిల్లలలో రికెట్సును రూపుమాపితిమని వైద్యులు సంతోషించుచున్న కాలమది. 1962లో గ్లాస్గో నగరమున డన్నిగన్ మొదలగు వైద్యులు అచ్చటి పాకిస్తానీ కుటుంబములలో, ఎదుగు ప్రాయపు పిల్లలకు రికెట్సును, పెద్దలకు దానికి సోదరమగు ఆస్టియోమలేషియాయు ఉన్నవని ప్రకటించిరి. గ్లాస్గో 56 డిగ్రీల మీద నున్నది. అచ్చట మబ్బు తొలగుటయే యరుదు. తరువాత ఇతర నగరములలోను ఇట్టి సమాచారమే వచ్చినది. శాకాహారులగు హిందూ స్త్రీలలో ఈ వ్యాధి మిక్కుటముగా కనబడినది.

కారణము నల్లని చర్మమనియు, ఒడలు కప్పు వస్త్రములనియు మొదట తలచిరి. అవియు కారణములే. కాని భోజనము రెండు విధముల కారణమైనది. మొదటిది, అందు డి విటమిను లేకుండుట. తెల్లవారు తిను కొవ్వుచేపలుగాని, 1940 నుండి ఆ దేశమున డి విటమిను కలుపుచు వచ్చిన మార్గరీనుగాని మనవారి వంటయింట నుండవు. వారు నేయి వాడుదురు. బ్రిటనునందు పాలలో ఈ విటమినును కలుపు వాడుక అమెరికాలోవలె లేదు. రెండవది సూక్ష్మమైనది. పొట్టుతీయని గోధుమపిండిలోని ఫైటిక్ ఆమ్లము కాల్షియమును బంధించి దేహమునకు అందనీయదు. మెలన్బీ తన కుక్కపిల్లలకు ఓట్సు గంజి అంత కీడుచేయుటకు కారణము వెదకి తరువాత కనుగొన్నది ఇదియే. కాల్షియము చాలనప్పుడు దేహము ఉన్న డి విటమినును వేగముగా నాశనముచేసికొనునని 1987లో క్లెమెంట్సు, ఫ్రేజరు మొదలగువారు ఎలుకలపై పరీక్షించి చూపిరి. అనగా చెడ్డభోజనము గాదె నింపకుండుటయే కాక గాదెకు కన్నముకూడ వేయును.

1979లో గ్లాస్గో అధికారులు పిల్లలకు విటమిను చుక్కల నుచితముగా పంచుట మొదలిడిరి. కొన్ని సంవత్సరములలోనే ఈ వ్యాధిచే ఆసుపత్రులలో చేరు పిల్లల సంఖ్య చాల తగ్గిపోయెను. మతము మార్చుకొనలేదు, కట్టు మార్చుకొనలేదు, చపాతీ మానలేదు. దినమునకు కొన్ని చుక్కలు చేర్చుకొనిరి. సంస్కారమునకు ఇంతకంటె సులభమైన యుదాహరణము చూపుట కష్టము.

మనము చేయవలసినది

మన తెలుగుదేశపు భోజనమున ఎంచదగిన గుణములు లేకపోలేదు. మజ్జిగ మన కాల్షియమునకు నిధి. చోళ్లు, నువ్వులు, మునగాకు కాల్షియము గలవి. ఇవి గాదెకు కన్నము పడకుండ కాపాడును. కాబట్టి సీమకు పోయినను మజ్జిగయన్నమును మానరాదు. కాని ఇవి గాదె నింపజాలవు. నింపుటకు వేరు వస్తువు కావలెను.

మాంసాహారులకు దారి సులభము. పులసచేప హెర్రింగునకు చుట్టము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత చెప్పుకొను మనవారు సాల్మను, హెర్రింగు, సార్డీనులను పరాయివిగా చూడనక్కరలేదు. నరసాపురపు రేవున దిగు కవళ్లు, కానాగంతలు ఆ కొవ్వుచేపల తెగవే. సాల్మను ముక్క యొక్కటి దాదాపు ఒక దినమునకు వలసినదంతయు నిచ్చును. కాడ్‌లివరు నూనె చెంచాడులో సుమారు 400 యూనిట్లుండును. గ్రుడ్డు పచ్చసొనలో సుమారు 40. అమెరికా వైద్యసంస్థ 2010లోను, మన భారత వైద్య పరిశోధన మండలి 2020లోను పెద్దలకు దినమునకు 600 యూనిట్లు వలయునని నిర్ణయించినవి. గ్రుడ్లనే నమ్ముకొన్నవాడు దినమునకు పదునైదు తినవలెను.

శాకాహారులకు పాలే ముఖ్యమైన గతి; అదియు విటమిను కలిపిన పాలైనప్పుడే. అమెరికాలోను కెనడాలోను సీసామీది చీటి చదివి కొనవలెను. అంగడిలోని పెరుగున తరచుగా ఈ విటమినును కలుపరు. కలిపిన పాలతో ఇంట తోడుపెట్టినచో ఆ విటమిను పెరుగునందును నిలుచును. మన తల్లుల యలవాటే ఇచ్చట శాస్త్రసమ్మతము. కాని పాలు ఎన్ని గ్లాసులు త్రాగినను 600 యూనిట్లు పూర్తియగుట కష్టము. అందుచే చుక్కలో మాత్రలో తీసికొనక తప్పదు. బ్రిటనునందలి శాస్త్రసలహా సంఘము 2016లో దినమునకు 10 మైక్రోగ్రాములు, అనగా 400 యూనిట్లు వలయునని చెప్పినది. శరత్తునందును శీతకాలమునందును ఎల్లరును, మనవంటి నల్లని చర్మము గలవారు సంవత్సరము పొడుగునను ఆ పరిమాణమును మాత్రల మూలమున తీసికొనుటను తలపెట్టవలెనని అచ్చటి ప్రభుత్వ వైద్యశాఖ హితవు. ఈ మందు మాంసజన్యమేమోయని సందేహించు శాకాహారులుందురు. సామాన్యమైన డి విటమినును గొఱ్ఱె ఉన్నిమీది జిడ్డునుండి తీయుదురు; జంతువును చంపనక్కరలేదు. అదియు వలదనువారికి రాతిపాచినుండి తీసినది దొరకును. గొట్టపు మాత్రల తొడుగుమాత్రము చూచి కొనవలెను. అది జిలాటిను కావచ్చును.

తల్లిపాలు శిశువునకు అమృతమే. కాని ఆ యమృతమున ఈ యొక్క పదార్థము చాలదు. అమెరికాలోని శిశువైద్యుల సంఘము 2008లో తల్లిపాలు త్రాగు శిశువునకు పుట్టిన కొలదిదినములనుండియే దినమునకు 400 యూనిట్ల చుక్కలు వేయుమని విధించినది. పురుటికి విమానమెక్కి పోవు మన అమ్మమ్మలు ఈ చుక్కలసీసాను చూచి “తల్లిపాలుండగా ఇదెందుకు?” అని అడ్డగింపకుందురుగాక. అదే సమయమున, మంచిదిగదా యని మోతాదు మించరాదు. ఈ విటమిను కొవ్వున నిలిచి కూడుకొనును. 1950 తరువాత కొన్నియేండ్లు బ్రిటనునందు పాలపొడిలోను, ఇతర శిశ్వాహారములలోను దీనిని మితిమీరి చేర్చుటచే శిశువుల రక్తమున కాల్షియము హెచ్చి కొందరు ప్రమాదమునకు లోనైరి. ప్రభుత్వము ఆ దశకముననే మోతాదును తగ్గించవలసివచ్చెను. వైద్యుని యడిగియే మోతాదు నిర్ణయించుకొనవలెను.

తుదకు మన యింటి మాట. సీమలో నున్న బిడ్డలకు హితవు చెప్పి మనము నిశ్చింతగా కూర్చుండదగినది కాదు. తిరుపతి ప్రాంతమున హరినారాయణ మొదలగు వైద్యులు పరిశోధించి 2007లో ప్రకటించిన ప్రకారము, ఎండకు కొదువలేని ఆ సీమలోనే ఆరోగ్యవంతులని తలచబడువారిలోను ఈ విటమిను తక్కువగా నున్నది. పల్లెవారికంటె పట్టణవాసులలో, పురుషులకంటె స్త్రీలలో ఇంకను తక్కువ. వారి భోజనమున కాల్షియము చాలదు, ఫైటిక్ ఆమ్లము హెచ్చు. ఘోషా పోయినదని మనము సంతోషించుచుండగనే అద్దాల గదులును, మోటారుబండ్లును, పాఠశాల తరువాతి పాఠశాలలును క్రొత్త ఘోషాను దెచ్చినవి. నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున లేసు అల్లి ఇల్లు గడుపుకొను స్త్రీలు ఏండ్ల తరబడి ఇంటిపట్టుననే కూర్చుండి సూది నడిపినవారు. వారి కాయకష్టమును గూర్చి మరియా మీస్ 1982లో గ్రంథము వ్రాసినది. వారి యెముకలను గూర్చియు ఎవరైన నడుగవలదా? మన ఆహారభద్రతా సంస్థ 2018లో పాలయందును వంటనూనెయందును ఎ, డి విటమినులను కలుపుటకు ప్రమాణములు విధించినది. అట్టివానిమీద ‘ఎఫ్’ గుర్తుండును. కలుపుట నిర్బంధము కాదు. కాబట్టి కొనువారు అడిగి కొనుట నేర్చుకొనవలెను.

ఉపమన్యునికి పాలు ప్రసాదించినది దైవము. బిడ్డకు పాలతోపాటు మిట్టమధ్యాహ్నపు వెలుగు కొంతసేపును, ఆ వెలుగు లేనిదేశమున దాని స్థానమున నాలుగు చుక్కలును ప్రసాదించవలసినది మనము. మునుపటి తల్లులకు ఈ సంగతి తెలియక నష్టము వచ్చినది. మనకు తెలిసియు బిడ్డలకు వంకరకాళ్లు వచ్చినచో దానికి జవాబు మనమే చెప్పుకొనవలెను.